కంప్యూటరు ఆగిపోవుటకు కారణము: మెమరీ, విద్యుత్ హద్దులు

పని మధ్యలో కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోవుట, తెర నీలమై యంత్రము తిరిగి మొదలగుట మనకు కొత్త కాదు. వెంటనే మనము వైరస్ అందుము. లేదా యంత్రము పాతబడినది, కొత్తది కొనవలెనందుము. కాని కొన్ని సందర్భములలో దోషము యంత్రమునందు గాక, దానికి విధించిన వేగమునందును, విద్యుత్తునందును ఉండును. ఈ సంగతిని విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును వివరించుటయే మా ఉద్దేశము.

ర్యామ్ అనబడు మెమరీలో కోట్లకొలది సూక్ష్మమైన గదులుండును. గదిలో విద్యుదావేశమున్నచో 1, లేనిచో 0 అని యంత్రము గ్రహించును. చిల్లుకుండలోని నీటివలె ఆ ఆవేశము కారిపోవుచుండును గనుక, సాధారణముగా 64 మిల్లీసెకండ్లలోపుగా దానిని తిరిగి నింపుచుండవలెను. డీడీఆర్4 మెమరీకి ప్రమాణముగా నిర్ణయింపబడిన వోల్టేజి 1.2. పెట్టెపై అధిక వేగము అచ్చువేసి అమ్ము మెమరీ తరచుగా ఎక్స్‌ఎంపీ అను ప్రత్యేక అమరికతో, 1.35 వోల్టులపై పనిచేయును. ఆ వేగమును మెమరీ భరించినను, ప్రాసెసరు గాని మదర్‌బోర్డు గాని భరింపలేకపోవచ్చును. అప్పుడు 1 ఉన్నచోట 0 చదువబడును.

ఆ అంకె యంత్రమును నడుపు ఆజ్ఞలలోనిదైన యెడల కంప్యూటరు ఆగిపోవచ్చును. అదియే మార్కుల పట్టికలోనిదైన యెడల యంత్రము ఆగదు. తప్పు అంకె నిశ్శబ్దముగా నిలిచిపోవును. ఆగిపోవుటకంటె ఇది ఎక్కువ ప్రమాదకరము.

విద్యుత్తు విషయమున 2024 నాటి ఉదాహరణ గమనింపదగినది. ఇంటెల్ 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని తరచుగా విఫలమగుచుండగా, అవి అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచున్నట్లు తేలినది. కొన్ని మదర్‌బోర్డులు తాము సూచించిన విద్యుత్ హద్దులను దాటుటయు ఒక కారణమని కంపెనీ పేర్కొన్నది. ఆ తరములోని ఐ9-13900కె ప్రాసెసరుకు గరిష్ఠముగా సూచించినది 253 వాట్లు. 2024 ఆగస్టులో బయాస్ ద్వారా సవరణ విడుదలైనది. అయితే అది ప్రాసెసరును చెడకుండ కాపాడునే గాని, అప్పటికే చెడినదానిని బాగుచేయజాలదు. కావున ఆలస్యము తగదు.

ఇక చేయవలసిన పనులు. ముందుగా ముఖ్యమైన ఫైళ్లకు వేరొకచోట నకలు తీయవలెను. పిదప బయాస్‌లోని మెమరీ, విద్యుత్ అమరికలను తయారీదారు నిర్ణయించిన ప్రమాణమునకు తేవలెను. తరువాత మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రంతయు నడపవలెను. ఒక్క తప్పు కనిపించినను ఉపేక్షింపరాదు. మెమరీ ముక్కలను ఒక్కొక్కటిగా అమర్చి మరల పరీక్షించి, చెడిన ముక్కను మార్చవలెను. మెమరీ నిర్దోషియైనచో పవర్ సప్లయిని చూడవలెను. దాని 12 వోల్టుల తీగలో 11.4 నుండి 12.6 వరకు మాత్రమే ఉండవచ్చును. బయాస్‌ను నవీకరించునప్పుడు మధ్యలో కరెంటు పోయిన యెడల మదర్‌బోర్డు పనికిరాకుండ పోవచ్చును గనుక, యూపీఎస్ తప్పనిసరి. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, తేదీతో పుస్తకములో వ్రాసికొనవలెను. అనేక మార్పులు ఒకేసారి చేసినచో ఏది ఫలించెనో తెలియదు.

ఈ పరీక్షలకు ఖర్చు స్వల్పము, ఓర్పు అధికము. ఒక యంత్రమును పనికిరానిదని తీసివేయుటకు పూర్వము ఈ పుస్తకమును కమిటీవారు చూచిన యెడల, మిగిలిన ధనముతో గ్రంథాలయమునకు మరికొన్ని పుస్తకములు చేరగలవని మా నమ్మకము.