రాళ్ల వాన పాస్‌బుక్ చూసి పడదు!

"జాబ్ మానేసి ఏం చదువుతున్నవ్ రా?" అని మా కాలేజీ జూనియర్‌ని అడిగా. హుజూరాబాద్ పిల్లాడు. "క్లైమేట్ జస్టిస్, హ్యూమన్ సెక్యూరిటీ పాలసీ అన్నా" అన్నాడు. నాకు కోడింగ్ తప్ప ఇంకోటి ఎక్కదు. "అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నా. "అయితే మా దిక్కు వరి పొలాల ముచ్చట విను" అని మొదలుపెట్టాడు.

2023 యాసంగి. కోతకొచ్చిన వరి మీద రాళ్ల వాన పడింది. గింజంతా మట్టిపాలు. వాన మాత్రం పట్టాదారు ఎవరు, కౌలు రైతు ఎవరు అని చూడలేదు. చూసేది మన సిస్టమే!

రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్ దగ్గరి శాలపల్లిలోనే మొదలైంది. ఎకరానికి సీజన్‌కు రూ.4,000. కానీ పట్టాదారుకే. 2025 జనవరిలో రైతు భరోసా వచ్చినా అదే లెక్క. 2020లో రాష్ట్రం కేంద్ర పంటల బీమా నుంచి బయటికొచ్చింది. 2023 మార్చిలో ఎకరానికి రూ.10,000 సాయం ప్రకటించినప్పుడు కౌలు రైతులనూ ఆదుకుంటామన్నారు. కానీ కౌలు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం ఏది? ఎరువుల బాకీ అతనిది, పాస్‌బుక్ ఇంకొకరిది.

హ్యూమన్ సెక్యూరిటీ అంటే ఇదే. భద్రత అంటే సరిహద్దులో సైన్యమే కాదు, తిండి, ఆరోగ్యం, బతుకుదెరువు కూడా అని ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌డీపీ 1994లోనే చెప్పింది. మరి క్లైమేట్ జస్టిస్? పొగ ఎక్కువ వదిలింది ఒకరు, నష్టపోయేది ఇంకొకరు. అందుకే పేద దేశాల కోసం 2022లో ఈజిప్టు సదస్సులో నష్టపరిహార నిధికి ఒప్పుకున్నారు. అక్కడైనా, హుజూరాబాద్‌లోనైనా ప్రశ్న ఒక్కటే: డబ్బు నష్టపోయినోడికి చేరుతుందా?

నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, టేబుల్‌లో పేరే లేకపోతే ఏ క్వెరీ రాసినా ఆ మనిషి దొరకడు. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో చట్టం వచ్చింది. ఆ కార్డు చేతికొస్తే టేబుల్‌లో పేరెక్కినట్టే.

ఊళ్లో మాకూ రెండెకరాలుంది. కౌలుకిచ్చాం. సాయం పడ్డట్టు మెసేజ్ మా నాన్న ఫోన్‌కే వస్తుంది. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగా: "నాన్నా, పంట పోయిన ఏడు కౌలు తగ్గించినవా?"

కాసేపు మాట్లాడలేదు. మీ ఇంట్లో కూడా ఓసారి అడగండి.