మిర్చి బేరంలో రైతు మాట చెల్లాలంటే

ఆరుగాలం కష్టపడి పండించిన మిర్చిని కల్లంలో ఆరబెట్టి, తాలుకాయలు ఏరి, టిక్కీలకెత్తి నల్లపాడు, చుట్టుపక్కల గ్రామాల రైతులు గుంటూరు యార్డుకు తెస్తారు. నెలల తరబడి చేసిన సేద్యం విలువ అక్కడ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. కొనేవాడు మచ్చు చూసి ‘రంగు తగ్గింది, తేమ ఉంది’ అంటాడు. ‘ఇంతకు మించి రాదు, ఇచ్చేద్దాం’ అంటాడు కమీషన్ ఏజెంటు. రైతు సరేనంటాడు.

విత్తనాల మీద, తెగుళ్ళ మీద లాం పరిశోధనా స్థానంలో ఏళ్ళ తరబడి పరిశోధన సాగింది. ఈ కొద్ది నిమిషాల బేరం కూడా పరిశోధించవలసిన విషయమే. ఇంతవరకు తెలిసిందేమిటో, ఇక తెలియవలసిందేమిటో చూద్దాం.

ధర తెలిస్తే చాలా?

కేరళ తీరంలో 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక, మత్స్యకారులు పడవలోనుంచే ఏ రేవులో ధర ఎంత ఉందో కనుక్కుని అక్కడికి సరుకు తీసుకువెళ్ళారు. వారి లాభం సగటున 8 శాతం పెరిగిందని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో వెల్లడించారు.

పశ్చిమ బెంగాల్‌లో బంగాళాదుంప రైతులకు 2008లో రోజూ మార్కెట్ ధరలు తెలియజేసి చూశారు. అయినా వారికి దక్కిన ధర సగటున పెరగలేదు. పెద్ద మార్కెట్లో నేరుగా అమ్ముకునే దారి వారికి లేదు. ఊళ్ళో వ్యాపారి చెప్పిందే ధర అయింది.

మధ్యప్రదేశ్‌లో 2000 నుంచి ఒక కంపెనీ ఊళ్ళలో ధరలు చూపే కంప్యూటర్ కేంద్రాలు పెట్టి, సోయాచిక్కుడు తానే నేరుగా కొనసాగింది. దాంతో మండీల్లో కూడా ధర సగటున 1 నుంచి 3 శాతం పెరిగింది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. ధర తెలియడం మంచిదే. కాని ‘ఈ ధరకు ఇవ్వను’ అని సరుకు వెనక్కి తీసుకోగలిగిన రైతుకే బేరమాడే బలం ఉంటుంది.

ఇక పరిశోధన జరగవలసినవి

అప్పు: పెట్టుబడికి ఏజెంటు దగ్గర అప్పు తెచ్చిన రైతు సరుకు అక్కడికే తేవాల్సి వస్తుంది. బ్యాంకు రుణం అందని కౌలు రైతుకు ఇది మరీ ఎక్కువ. ఒకే రోజు, ఒకే రకం, ఒకే నాణ్యత గల కాయకు అప్పున్న రైతుకు, అప్పు లేని రైతుకు వచ్చే ధరలో తేడా ఉందా? ఉంటే ఎంత? ఇది లెక్క తేలితే ఆ అప్పుకు అసలు వడ్డీ ఎంతో తెలుస్తుంది.

నాణ్యత: తేమను యంత్రంతో కొలవవచ్చు. రంగును ప్రయోగశాలలో ఆస్టా యూనిట్లలో లెక్కిస్తారు. బేరానికి ముందే ఆ పరీక్ష చీటీ రైతు చేతిలో ఉంటే, ‘తేమ ఉంది’ అన్న మాట మీద ధర కోయడం తగ్గుతుందా?

నిల్వ: పది ఇరవై టిక్కీలున్న చిన్న రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగితే, అద్దె, వడ్డీ పోను ఏమైనా మిగులుతుందా? గిడ్డంగి రసీదు మీద బ్యాంకు రుణం సకాలంలో అందితే లెక్క ఎలా మారుతుంది?

వేలం: 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ విధానంలో వచ్చిన ధర నచ్చకపోతే రైతు నిరాకరించవచ్చు. ఆ హక్కును ఎందరు వాడుకుంటున్నారు? వాడుకోనివారికి అడ్డుపడుతున్నదేమిటి? నలుగురు రైతులు సరుకు కలిపి అమ్మితే ఎక్కువమంది కొనుగోలుదార్లు వస్తారా?

రైతు చేయగలిగింది

పరిశోధన ఫలితాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. అమ్మిన తేదీ, రకం, టిక్కీల సంఖ్య, మొదట చెప్పిన ధర, చివరికి ఖాయమైన ధర, తరుగు, ఇతర కోతలు, చేతికొచ్చిన సొమ్ము, సొమ్ము అందిన తేదీ రాసుకోండి. తక్‌పట్టీ పారేయకుండా దాచండి. ఊళ్ళో పదిమంది పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఎక్కడ కోత పడిందో కనిపిస్తుంది. రేపు పరిశోధకులు వచ్చి అడిగితే చూపించడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మార్కెట్ మొత్తం పడిపోయిన ఏడు బేరం తెలివి ఆదుకోదు. 2017 మేలో కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు మిర్చి కొనుగోలుకు అనుమతించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. అలాంటి ఏడు ప్రభుత్వమే ముందుకు రావాలి. మామూలు ఏడు మాత్రం కాటా ఎక్కేముందు ‘కాదు’ అనగల బలం రైతుకు ఉండాలి. ఆ బలం ఎలా వస్తుందో తేల్చే పరిశోధన మన యార్డులోనే, మన రైతుల లెక్కలతోనే జరగాలి.