కుటుంబానికి కారు: చేతికి అందే మీటలా, కళ్లు కోరే తెరా?

కుటుంబానికి కారు కొనేటప్పుడు ధర, మైలేజీ, డిక్కీ వైశాల్యం మీద పెట్టినంత ధ్యాస డ్యాష్‌బోర్డు మీటల మీద పెట్టేవాళ్లు తక్కువ. ఇంజను ఎలాంటిదైనా బండి ఎక్కిన ప్రతిసారీ చెయ్యి తాకేది వాటినే. గత పదేళ్లలో ఆ మీటలు ఒక్కొక్కటే మాయమై టచ్ స్క్రీన్‌లోకి చేరాయి. ముందు పాటలు వెళ్లాయి, తర్వాత ఏసీ వెళ్లింది. కొన్ని కార్లలో వైపర్ల వేగం మార్చడానికి కూడా తెరనే ఆశ్రయించాలి.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో ఉండే తెలుగు కుటుంబానికి ఇది ముస్తాబుకు సంబంధించిన విషయం కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బొంబాయి రాష్ట్రానికి వెళ్లి మొదట నాందేడ్ జిల్లాలోనూ, 1959లో అప్పటి చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలోనూ చేరింది. సరిహద్దు జరిగింది కానీ చుట్టరికాలు ఉన్నచోటే ఉన్నాయి. అందుకే ఇక్కడి కారు చంద్రపూర్ బజారుకు ఎంత తిరుగుతుందో వాంకిడి, ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు పెళ్లిళ్లకూ పేరంటాలకూ అంతే తిరుగుతుంది. దారి పొడవునా లారీలు. సాస్తి, పౌనీ గనుల నుంచి బొగ్గు, గడ్‌చాందూర్ వైపు నుంచి సిమెంటు ఇదే రోడ్ల మీదకు వస్తాయి. వానాకాలంలో ముందు వెళ్లే టిప్పరు నల్లటి బురద చిమ్మితే ముందు అద్దం క్షణంలో మూసుకుపోతుంది. అప్పుడు అద్దం మీదికి నీళ్లు కొట్టే మీట, వైపరు మీట వెంటనే చేతికి దొరకాలి. వాటిని ఏ మెనూలో పెట్టారో వెతికే తీరిక ఆ క్షణంలో ఉండదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. తెర మీద ఒక గుర్తును వెతికి వేలు పెట్టడానికి రెండు సెకన్లు పడితే, బండి 44 మీటర్లు డ్రైవరు కళ్లు లేకుండానే నడిచినట్టు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లో కంపెనీలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో గీసిన గీత కూడా ఇదే: ఒక్క చూపు రెండు సెకన్లు మించకూడదు, మొత్తం పని పన్నెండు సెకన్లు మించకూడదు. ఇది చట్టం కాదు, సలహా మాత్రమే. అందుకే ఆ గీతను దాటిన కార్లు చాలానే రోడ్డెక్కాయి.

ఎంత దాటాయో స్వీడన్ పత్రిక వీ బిలాగరే 2022లో కొలిచి చూపించింది. వాడని విమానాశ్రయపు రన్‌వే మీద 110 కిలోమీటర్ల వేగంతో పన్నెండు కార్లను నడిపించి, డ్రైవర్లకు నాలుగు పనులు అప్పగించింది. ఏసీ వేడి పెంచి అద్దం ఆవిరి పోగొట్టడం, రేడియోలో ఒక స్టేషన్ పట్టుకోవడం, ట్రిప్ మీటరును సున్నాకు తేవడం, డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించడం వంటివి. డ్రైవర్లకు ముందుగానే ఆ కార్లు అలవాటు చేసుకునే సమయం ఇచ్చారు కాబట్టి కొత్తదనాన్ని సాకుగా చెప్పడానికి లేదు. అన్నిటికన్నా ముందు నిలిచింది 2005 నాటి వోల్వో వీ70. బటన్ల కారు. పది సెకన్లలో పని ముగించింది, ఆలోగా 306 మీటర్లు నడిచింది. చివరన నిలిచిన ఎంజీ మార్వెల్ ఆర్‌కు 44.9 సెకన్లు పట్టింది, 1,372 మీటర్లు పోయింది. అంటే కిలోమీటరు పైన మూడో వంతు దూరం! అయితే ఇదే పరీక్షలో వోల్వో సీ40 అనే తెర కారు 13.7 సెకన్లతో బయటపడింది. కాబట్టి తప్పంతా తెరదే అనడం తొందరపాటు. ఎక్కువ వాడే పనులు మొదటి తెర మీదే పెద్దగా కనిపిస్తున్నాయా, నాలుగు మెనూల లోతున దాక్కున్నాయా అన్నదాన్ని బట్టి తేడా వస్తుంది.

మీటకూ తెరకూ ఉన్న భేదం చేతిలో ఉంది. కరెంటు పోయిన రాత్రి ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో చేతికి తెలిసినట్టే, రెండు వారాలు వాడిన కారులో ఏసీ నాబు ఎక్కడుందో చేతికి తెలిసిపోతుంది. ఆకారం, గట్టిదనం, తిప్పినప్పుడు వచ్చే టిక్కు పని జరిగిందో లేదో కంటికి చెప్పకుండానే చెబుతాయి. చదునైన గాజుకు అంచులు ఉండవు. వేలు ఎక్కడ ఆనిందో, ఆ తాకిడిని తెర గుర్తించిందో లేదో చూసి తెలుసుకోవాల్సిందే. గతుకుల రోడ్డు మీద గాలిలో చాచిన చెయ్యి ఊగి, ఒక గుర్తుకు బదులు పక్కదాని మీద పడుతుంది. ఇప్పటి తెరలు వేలి వల్ల విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టి పనిచేస్తాయి. వేలికి తడి ఉంటే ఆ లెక్క తప్పే అవకాశం ఉంది. పగటి పూట పక్క అద్దంలోంచి ఎండ తెర మీద పడితే అక్షరాలు వెలవెలబోతాయి. చంద్రపూర్ జిల్లాలో వేసవి వేడి 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. నీడ లేని చోట ఆపిన కారు ఎక్కగానే కొలిమిలాంటి గాలిని తరమడానికి ఫ్యాను వేగం పెంచాలి, లోపలిగాలా బయటిగాలా తేల్చాలి. అప్పుడే మేలుకుంటున్న తెర ముందు కూర్చుని ఎదురుచూడటం చిరాకే.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. కుటుంబ కారును కొడుకు నడిపినంతగా అరవై దాటిన తండ్రీ నడుపుతాడు. నలభై అయిదు దాటాక కంటి కటకం బిగుసుకుని, దూరపు రోడ్డు నుంచి దగ్గరి తెర మీదికి చూపు కుదరడం ఆలస్యమవుతుంది. రాత్రి అడవి దారిలో తెర వెలుగు ఎక్కువైతే కనుపాప చిన్నదై, రోడ్డు పక్క నిలబడిన అడవి పంది ఆలస్యంగా కనబడుతుంది. వెలుగు తగ్గించే మీట కూడా తెరలోనే ఉంటే ఇబ్బంది రెట్టింపు.

కార్లో టచ్ స్క్రీన్ నిన్నటి మాట కాదు. 1986లోనే బ్యూయిక్ రివియెరాలో పాత టీవీ గొట్టం లాంటి తాకుడు తెర పెట్టారు. కొన్నవాళ్లు దాన్ని ఆదరించలేదు, కొన్నేళ్లకే తీసేశారు. 2012లో టెస్లా మోడల్ ఎస్ పదిహేడు అంగుళాల తెరతో వచ్చాక గాలి మళ్లీ అటు తిరిగింది. దాని వెనక లెక్కల మర్మం ఉంది. ప్రతి మీటకూ అచ్చు కావాలి, వైరు కావాలి, విడిగా పరీక్షలు కావాలి. తెర ఒక్కటి పెడితే అన్నీ సాఫ్ట్‌వేరులో ఇమిడిపోతాయి, తర్వాత మార్చుకోనూ వచ్చు. కొనేవాడికి అది ఆధునికతగా కనిపిస్తుంది, తయారుచేసేవాడికి ఆదా.

తెర నుంచి వెనకడుగు నేల మీదే కాదు, నీటి మీదా పడింది. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక చమురు ఓడను ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. నౌకను నడిపే టచ్ స్క్రీన్ అమరిక పొరపాట్లకు తావిచ్చిందని 2019లో అమెరికా దర్యాప్తు సంస్థ చెప్పింది. ఆ ఏడాదే నౌకాదళం తన డిస్ట్రాయర్లలో చేతితో తోసే మీటలకు తిరిగి మారుతున్నట్టు ప్రకటించింది. జర్మనీలో తెర మీద వైపరు వేగం మారుస్తూ ప్రమాదం చేసిన టెస్లా డ్రైవరుకు వేసిన జరిమానాను 2020లో కార్ల్స్‌రూహే కోర్టు సమర్థించింది. యూరప్ కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్‌కు విడి మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. భారత్‌లో 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ప్రధానంగా ఢీకొన్నప్పుడు లోపలివాళ్లకు దక్కే రక్షణను చెబుతాయి. వాటిని చూసి డ్యాష్‌బోర్డు సౌకర్యాన్ని అంచనా వేయకూడదు.

మన మార్కెట్లోనూ ఇలాంటి వెనకడుగు ఉంది. 2014లో వచ్చిన హోండా సిటీ పై వేరియంట్లలో ఏసీకి తాకితే పనిచేసే పలక ఉండేది. 2020 నాటి కొత్త సిటీలో మళ్లీ గుండ్రటి నాబులు వచ్చాయి.

తెరకు దాని గౌరవం దానికివ్వాలి. వెనక్కి తీసేటప్పుడు కెమెరా చూపే బొమ్మ, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు ఏ అద్దమూ ఇవ్వలేని భద్రత. కొత్త ఊరి దారి చూపే మ్యాపు పెద్ద తెర మీద ఉంటే ఫోనును ఒళ్లో పెట్టుకునే ప్రమాదం తప్పుతుంది. బండి ఆపి ఉండగా చేసుకునే సర్దుబాట్లు ఎన్ని తెరలోకి వెళ్లినా నష్టం లేదు. నడుస్తుండగా చేయాల్సినవాటి సంగతే వేరు. హారన్, లైట్లు, వైపర్లు, అద్దం ఆవిరి, ఏసీ, శబ్దం వీటిలోకి వస్తాయి. నోటి ఆజ్ఞలతో పనిచేసే సదుపాయం కొంత మేలే కానీ, వెనక సీట్లో పిల్లలు కేకలు పెడుతుండగా, ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ కలిసిన నోటికి అది ఎంతవరకు లొంగుతుందో కొనేముందే చూసుకోవాలి.

రిపేరు ఖర్చు దీర్ఘకాలపు మాట. నాబు విరిగితే ఏసీ అంతా ఆగదు. తెర చచ్చిపోతే దానిలో ఇమిడినవన్నీ ఒకేసారి పోతాయి. తెర వెనకున్న మెమరీ చిప్పు కొన్నేళ్ల వాడకానికే అరిగిపోతోందని, దాంతో వెనక కెమెరా, అద్దం ఆవిరి సర్దుబాటు పనిచేయడం లేదని 2021లో టెస్లా సుమారు 1,35,000 పాత కార్లను వెనక్కి పిలిచింది. పదేళ్లు ఉంచుకునే ఉద్దేశంతో కొనేవాళ్లు తెరకు వారంటీ ఎన్నేళ్లో, మార్చాల్సివస్తే ధర ఎంతో రాతపూర్వకంగా అడగడం మంచిది. పాత కారు కొనేవాళ్లకు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

వేరియంటు దగ్గర ఒక వింత ఎదురవుతుంది. ఎక్కువ డబ్బు పెట్టేకొద్దీ నాబులు పోవచ్చు. 2021లో వచ్చిన స్కోడా కుషాక్‌లో కింది వేరియంట్‌కు తిప్పే నాబుల ఏసీ, పై వేరియంట్లకు తాకుడు పలక ఇచ్చారు. అందుకని షోరూంలో నిలబెట్టిన టాప్ మోడల్ చూసి మధ్య మోడల్ బుక్ చేస్తే, ఇంటికొచ్చే డ్యాష్‌బోర్డు వేరేది కావచ్చు, అంతకన్నా మెరుగ్గానూ ఉండవచ్చు. కొనబోయే వేరియంటునే చూపించమని అడగాలి. బండి ఆపి ఉండగా డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని ఏసీ ఫ్యానును, ముందు అద్దం ఆవిరి తీసే బటన్ను, హజార్డ్ లైట్లను పట్టుకోగలుగుతున్నారో చూడాలి. ఇంట్లో ఎవరెవరు నడుపుతారో వాళ్లందరూ ఇది చేయాలి. టెస్ట్ డ్రైవ్ షోరూం ఏసీ చల్లదనంలోంచి బయటకు వచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకసారి, వీలైతే చీకటి పడ్డాక ఒకసారి చేస్తే తెర వెలవెలబోవడం, కళ్లకు కొట్టడం రెండూ తెలుస్తాయి.