ఒంటికాలి మీద పది సెకన్లు

అరవై దాటాక యోగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదట చూసుకునేది, వంగితే చేతివేళ్లు పాదాలకు అందుతున్నాయా అని. అందకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నామా, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలుగుతున్నామా అన్నది చూసుకోవాలి.

ఈ రెండో పరీక్షను బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల లోపు 1,702 మందికి పెట్టారు. ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తర్వాత ఏడేళ్లపాటు గమనిస్తే, వయసునీ జబ్బుల్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా వీళ్లకు మరణ ముప్పు 84 శాతం ఎక్కువని తేలింది. 2022లో వెలువడిన ఈ ఫలితం చదివి కంగారుపడక్కర్లేదు. తూలడమే చావుకు కారణమని దీని అర్థం కాదు. లోపల ఎప్పటినుంచో సాగుతున్న క్షీణత అలా బయటపడి ఉండవచ్చు.

నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచి వచ్చే నరాలు పంపే కబుర్లను మెదడు క్షణక్షణం సరిచూసుకుంటూ ఉండాలి. వయసుతో ఇవన్నీ మందగిస్తాయి. కండ కూడా ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కరుగుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. అందులోనూ చురుగ్గా ముడుచుకునే పోగులే ఎక్కువగా సన్నబడతాయి. గడప తగిలినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి కావలసినవి అవే.

నీరసానికీ ఈ కండ కరగడం ఒక కారణం. కుర్చీలోంచి లేవడానికి కావలసిన బలం ఎప్పుడూ అంతే. తొడల్లో ఉన్న బలమే తగ్గుతుంది. ఒకప్పుడు అందులో చిన్న వంతుతో అయిపోయిన పనికి ఇప్పుడు చాలావరకు ఖర్చుపెట్టాలి. సాయంత్రానికి ఓపిక ఉండటం లేదంటే ఆశ్చర్యమేముంది? పైగా సోఫాలూ డైనింగు టేబుళ్లూ వచ్చాక నేలమీద కూర్చుని లేవడమే మానేశాం.

అందుకే ఈ వయసులో వృక్షాసనం, వీరభద్రాసనం, కుర్చీ ముందు నిలబడి వేసే ఉత్కటాసనం నాకు మేలైనవిగా కనిపిస్తాయి. మహాబలిపురం శిల్పంలో ఒంటికాలి తపస్వినీ, ఆయన్ని అనుకరించే పిల్లినీ చూసే ఉంటారు. అంత నిష్ఠ అక్కర్లేదు. గోడ పక్కన నిలబడి, పాదాన్ని రెండో కాలి పిక్కకు ఆనిస్తే చాలు, మోకాలికి మాత్రం ఆనించకూడదు. ఆసరా తీసుకోవడం నామోషీ అనుకునేవాళ్లు, కుర్చీనీ బెల్టునీ చెక్క దిమ్మెల్నీ యోగసాధనాలుగా మార్చింది బి.కె.ఎస్. అయ్యంగార్ అని గుర్తుంచుకోవాలి.

కొన్నిటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, గ్లకోమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఎముకలు గుల్లబారినవాళ్లు పశ్చిమోత్తానాసనం, హలాసనం వేస్తే వెన్నుపూసల ముందు భాగం నలిగి విరగవచ్చు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. నిమిషానికి ఆరు చొప్పున నెమ్మదిగా తీసుకునే శ్వాస మాత్రం వాళ్లకు మేలే చేస్తుంది. శవాసనం నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. పక్కకు ఒత్తిగిలి, కాసేపు కూర్చుని లేవాలి.

యోగా ఒక్కటే సరిపోతుందని నేననను. కండ పెరగాలంటే కొంత బరువు ఎత్తాలి, నడవాలి, తినాలి. రాత్రి చారన్నంతో సరిపెట్టుకునే పెద్దవాళ్ల విస్తట్లో పప్పో గుడ్డో పెరుగో పెరగాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఇలాంటి మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరునే అడగాలి.