ఖర్జూరం అంటిన వేలు

ఇంట్లో వాడే గ్లూకోమీటరు నిజానికి కొలిచేది విద్యుత్తును. పట్టీలోని ఎంజైము గ్లూకోజు నుండి ఎలక్ట్రాన్లను రాబడుతుంది. చక్కెర ఎక్కువైన కొద్దీ ప్రవాహం బలపడుతుంది. ఈ ఎంజైము ఎలక్ట్రోడు ఆలోచన 1962లో లీలాండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్‌లది.

అయితే ఆ చక్కెర రక్తానిదో, చర్మానిదో పట్టీకి తెలియదు. ఇఫ్తార్‌లో ఖర్జూరం పట్టిన వేలిని కడగకుండానే గుచ్చితే అంకె అమాంతం పెరగవచ్చు. దాన్ని నమ్మి ఇన్సులిన్ మోతాదు పెంచడం ప్రాణాపాయం. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలునని చాలామంది అనుకుంటారు; అంటిన తీపి దానితో పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి, తడి ఆరాకే పరీక్షించాలి. అంత జాగ్రత్తపడ్డా, 100 మి.గ్రా. దాటిన అంకెలో 15 శాతం తేడాను అంతర్జాతీయ ప్రమాణమే అనుమతిస్తోంది. కనుక ఒంటి లక్షణాలకూ అంకెకూ పొంతన లేకుంటే మళ్లీ కొలిచి, వైద్యుణ్ణి సంప్రదించండి.