మొదటి మోటారు సైకిలు: ముందు కాళ్ళు అందుతాయో లేదో చూడండి

"డాక్టరుగారూ, మావాడికి కృష్ణపట్నం రేవులో ఉద్యోగం వచ్చింది. రోజూ నెల్లూరు నుంచి వెళ్ళి రావాలి. మోటారు సైకిలు కొనివ్వమని పోరుతున్నాడు. వాడికి నడపడం ఇంకా రాదు. ఏ బండి కొనమంటారు?"

మొన్న రక్తపోటు చూపించుకోడానికి వచ్చిన ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. బండ్ల సంగతి డాక్టరుకేం తెలుసని మీకు నవ్వు రావచ్చు. కాని దెబ్బతిన్న బండి మెకానిక్కు దగ్గరకు వెళ్తుంది. దానిమీదినుంచి పడిన మనిషి మా దగ్గరకు వస్తాడు. ఏ బండి ఎక్కువ మైలేజీ ఇస్తుందో నేను చెప్పలేను. ఏ బండి ఎవరి ఒంటికి సరిపోదో మాత్రం చెప్పగలను.

కొన్నేళ్ళ క్రితం ఒక తెల్లవారుజామున పందొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి స్పృహ లేని స్థితిలో మా ఆస్పత్రికి తెచ్చారు. ముందురోజు సాయంత్రం అతను అన్నగారి కొత్త బండి మీద నేర్చుకుంటున్నాడు. ఎదురుగా లారీ వస్తే మర్యాదగా పక్కకు తీసి ఆపాడు. తారు అంచు దిగువన ఇసుక ఉంది. బండి ఎత్తు, కుర్రవాడు పొట్టి. కాలు అందలేదు, బండి ఒరిగింది, తల రాయికి తగిలింది. హెల్మెట్ హ్యాండిలుకు వేలాడుతోంది. లేచి దులుపుకుని, సోడా తాగి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాడు. రాత్రి తలనొప్పి అన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అలసట అనుకుని పడుకోబెట్టారు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరి మెదడును నొక్కివేసింది. పెద్దాస్పత్రికి పంపాముగాని దక్కలేదు.

ఆ బండికి అప్పుడు వేగమే లేదు, ఆగి ఉంది. నేర్చుకునేవారికి ప్రమాదం వేగంతోనే వస్తుందనుకోవడం పొరపాటు.

ఎత్తు, బరువు

దుకాణంలో బండి స్టాండు మీద ఉండగా కూర్చుని చూస్తే ఏమీ తెలియదు. స్టాండు తీయించి కూర్చోండి. రెండు పాదాల ముందు భాగం నేలమీద గట్టిగా ఆనాలి. కాలివేళ్ళ కొనలు మాత్రమే తగిలితే ఆ బండి మీది కాదు. తర్వాత ఇంజను ఆపి, కూర్చునే కాళ్ళతో పది అడుగులు వెనక్కి నెట్టండి. దిగి ఒక పక్కకు కొద్దిగా వంచి, మళ్ళీ నిలబెట్టండి. ఇవి చేయలేకపోతే ఎంత ముచ్చటపడ్డా వదిలివేయండి.

స్ప్లెండర్ వంటి వంద సీసీ బండి సుమారు 112 కిలోలు ఉంటుంది. బులెట్ తరహా క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. యాభై అయిదు కిలోల కుర్రవాడికి ఈ ఎనభై కిలోల తేడా ఇసుకలో కాలు జారినప్పుడు తెలుస్తుంది. బండి మీద పడితే మోకాలి కింద ఎముక విరగడం, వేడి సైలెన్సరు తగిలి పిక్క కాలడం మేము తరచు చూసేవే.

బలం, బ్రేకులు

కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. తర్వాత పక్కనే నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. అప్పటినుంచి ఆ దారిలో బొగ్గు లారీలు తిరుగుతున్నాయి. వాటి మధ్య నెగ్గుకు రావాలంటే బలమైన బండి కావాలని కుర్రవాళ్ళ వాదన. అది సరికాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనులో బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి, మెదడు గ్రహించి, చేయి బ్రేకు నొక్కేసరికే కనీసం ఆ సెకను గడిచిపోతుంది. 40 కిలోమీటర్లలో అయితే 11 మీటర్లే. కొత్తవారికి 100 నుంచి 125 సీసీ చాలు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు ఇది. అంతకు చిన్న బండ్లకు ఏబీఎస్ లేకపోయినా, రెండు చక్రాలకూ కలిసి పడే బ్రేకు ఉండాలి. పాత బండి కొనేవారు ఈ సంగతి అడిగి తెలుసుకోండి. సముద్రపు గాలికి రోడ్డెక్కిన ఇసుక మీద, రొయ్యల లారీల నుంచి కారిన నీళ్ళ మీద, ఈశాన్య ఋతుపవనపు వానల్లో బ్రేకు మెల్లగా వేయాలి. లారీకి ఎడమపక్కన ఆనుకుని పోకండి. ఆ చోటు డ్రైవరుకు కనబడదు.

మీ ఒంటి సంగతి

పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నెంబరు చదవగలగాలి. చదవలేకపోతే ముందు కళ్ళద్దాలు, తర్వాత బండి. మూర్ఛలు వచ్చేవారు, ఇన్సులిన్ తీసుకుంటూ ఉన్నట్టుండి కళ్ళు తిరిగేవారు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. జలుబుకు, దురదలకు వేసుకునే కొన్ని మాత్రలు నిద్రమత్తు కలిగిస్తాయి. అవి వేసుకున్న రోజు బండి ముట్టవద్దు.

గేరున్న మోటారు సైకిలుకు పద్ధెనిమిదేళ్ళు నిండాలి. మైనరు చేతికి బండి ఇచ్చిన తండ్రికి 2019 సవరణ చట్టం ప్రకారం 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. లెర్నరు లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. ముప్ఫై రోజులు నిండాక పరీక్షకు వెళ్ళవచ్చు. ఈలోగా వెనుక నేర్పేవారు తప్ప మరెవ్వరూ ఎక్కరాదు. చెల్లెల్ని కాలేజీలో దింపడం నేర్చుకోవడం కిందకు రాదు.

హెల్మెట్ బండిలో భాగం

బండి ధర లెక్కవేసేటప్పుడే హెల్మెట్ ధర కలపండి. ఐఎస్ 4151 అన్న ముద్ర ఉన్నదే కొనండి. తల అటూ ఇటూ తిప్పినా కదలనిది, చెంపలకు ఆనేది సరైన సైజు. పట్టీ బిగించకపోతే పెట్టుకోనట్లే. లోపలి దళసరి పొర తాను నలిగి దెబ్బను మింగుతుంది, కనుక ఒకసారి ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ మళ్ళీ పనికిరాదు. అనేక అధ్యయనాలను కలిపి 2008లో చేసిన సమీక్షలో హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం, చావు అవకాశం 42 శాతం తగ్గుతాయని తేలింది. 2022లో మన దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవారు యాభై వేల మంది. ఏ మాత్రకూ ఇంత గుణం లేదు.

పడితే ఏం చేయాలి?

తలకు దెబ్బ తగిలినవారు లేచి నడిచినా ఒక రోజంతా ఒంటరిగా వదలకండి. పెరుగుతున్న తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, చెవినుంచి గాని ముక్కునుంచి గాని రక్తం లేక నీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి. స్పృహ లేనివారికి నీళ్ళు, సోడా తాగించరాదు. మెడ వంచరాదు. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ లాగివేయకండి, ఆస్పత్రిలో తీస్తాము.

ఆ తండ్రికి ఇదంతా చెప్పాను. వారం తర్వాత కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రవాడు మనసుపడ్డ పెద్ద బండి మీద కూర్చుంటే మడమలు గాలిలో ఉన్నాయట. చివరకు చిన్నది తీసుకున్నారు. "నెల రోజులు బస్సులోనే పోతాను సార్, సాయంత్రాలు మా వీధి మైదానంలో నేర్చుకుంటాను" అన్నాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నట్లే ఉన్నాడు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు ఊరకే అనలేదని చెప్పి, అతని హెల్మెట్ పట్టీ నేనే బిగించి చూశాను. సరిగ్గా సరిపోయింది.