మొరాయించే బేరింగు

యుద్ధరంగంలో దశరథ మహారాజు రథానికి ఇరుసుచీల ఊడిపోగా, పక్కనున్న కైక తన వ్రేలినే చీలగా నిలిపి రథాన్ని కాపాడిందని మన పల్లెలలో ఒక కథ చెప్పుకొంటారు. వాల్మీకి రామాయణంలో ఈ ఘట్టం కనిపించదు. అయినా ఈ కథలో బండి తోలినవారి అనుభవం ఉంది. రథం ఎంత ఘనమైనదైనా, రథికుడు ఎంతటి వీరుడైనా, వారి ప్రయాణం ఇరుసు చివరనున్న వ్రేలెడు చీలపైనే ఆధారపడి ఉంటుంది.

నేటి కారుకు కూడా ఈ ధర్మమే వర్తిస్తుంది. ఎడ్లబండి చక్రం ఇరుసుమీద ఒరుసుకొంటూ తిరుగుతుంది. ఆ ఒరిపిడిని తగ్గించడానికి కందెన పెడతారు. కారులో ఇరుసుకూ చక్రానికీ నడుమ బేరింగు ఉంటుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు ఉక్కు వలయాలు, వాటి నడుమ దొర్లే ఉక్కు గుండ్లు - ఇదే బేరింగు స్వరూపం. ఒరుసుకొనడం కంటె దొర్లడం తేలిక అన్నదే ఇందులోని సూత్రం. వేల్సుకు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసులకు గుండ్ల బేరింగుపై పేటెంటు పొందాడు. 1907లో స్వీడన్ ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ ఇరుసు కొంచెం ఒరిగినా తనంతట తానే సర్దుకొనే బేరింగును రూపొందించాడు.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో తిరిగే పాతకార్ల బేరింగులకు శత్రువులు రెండు: దుమ్ము, నీరు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాలలోని నాపరాతి గనుల దుమ్ము, నల్లరేగడి బురద చక్రాలను అంటుకొంటాయి. ఎండలో దూరం వచ్చి వేడెక్కిన చక్రనాభి వాగునీటిలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి సంకోచిస్తుంది. అరిగిన సీలు గుండా నీటిని లోనికి పీల్చుకొంటుంది. ఆ నీటివలన గ్రీజు చెడుతుంది, గుండ్లు తుప్పుపడతాయి.

చెడుతున్న బేరింగు ముందుగా హెచ్చరిస్తుంది. తుమ్మెద రొదవంటి ధ్వని పుట్టి, వేగంతోపాటు పెరుగుతుంది. చక్రాన్ని పైకెత్తి, పైనా క్రిందా పట్టి ఊపితే కదలిక తెలుస్తుంది. ఈ హెచ్చరికను పెడచెవిన పెట్టరాదు. గుండ్లు పగిలితే చక్రం బిగుసుకుపోవచ్చు, ఒక్కొక్కప్పుడు ఊడిపోవచ్చు. అప్పుడు ప్రమాదం కారులోనివారికే కాదు, ఎదురుగా వచ్చేవారికి కూడా.

1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 కారును ఉదాహరణగా తీసుకొందాం. ఇందులో ఇంజను శక్తి ముందు చక్రాలకు అందుతుంది. వెనుక చక్రపు డ్రమ్ములో రెండు బేరింగులు, వాటి మధ్య ఒక గొట్టంవంటి స్పేసరు ఉంటాయి. హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది కనుక డ్రమ్మును తీయడానికి దానిని వదలవలసిందే. అందువలన కారును మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీతో ఎత్తిన తరువాత బలమైన స్టాండ్లపై నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద చేయి పెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

చక్రాన్ని, మూతను, నట్టుకు అడ్డంగా ఉన్న చీలను, నట్టును వరుసగా తీసిన పిమ్మట డ్రమ్ము వెలుపలికి రావాలి. ఏండ్ల తరబడి కదలని డ్రమ్ము ఇక్కడనే మొరాయిస్తుంది. తొందరపడి సుత్తితో బాదితే డ్రమ్ము చిట్లుతుందే కాని రాదు. దానిని పట్టి ఉంచినదేదో మొదట గుర్తించాలి. బ్రేకుషూలు డ్రమ్ము అంచుకు తగులుకొని ఉంటే వాటిని వదులు చేయాలి. తుప్పు పట్టి ఉంటే చొరబడే నూనె పోసి కొన్ని గంటలు ఆగి, పుల్లరుతో నిదానంగా లాగాలి. ఒక్కొక్కసారి డ్రమ్ము వచ్చినా, లోపలి వలయం ఇరుసునే అంటుకొని ఉండిపోతుంది. దానికి కూడా పుల్లరే తగిన సాధనం. అదీ ఫలించకపోతే ఇరుసుకు తగలకుండా వలయంపై గ్రైండరుతో గాడి కోసి, ఉలితో చీల్చాలి. గట్టి ఉక్కు ముక్కలు చిట్లి ఎగురుతాయి కనుక కంటికి అద్దాలు తప్పనిసరి.

ఇక్కడ కంటికి కనిపించని అపాయం మరొకటి ఉంది. పులివెందుల ప్రాంతంలోని బ్రాహ్మణపల్లె ఆస్‌బెస్టాస్ అనే రాతినార గనులకు ప్రసిద్ధి పొందింది. వేడిని తట్టుకొనే ఈ రాతినారను పాతకాలపు బ్రేకు లైనింగులలో వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే అనేక సంవత్సరాల తరువాత కూడా క్యాన్సరువంటి వ్యాధులకు కారణమవుతుంది. కనుక డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని, గాలిగొట్టంతో గాని ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. షెడ్డులో పనిచేసేవారందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

పాత బేరింగు వలయంపై చెక్కిన సంఖ్యను చూపి సరిగా అదే కొలతగల కొత్తదానిని తెచ్చుకోవాలి. డ్రమ్ములో బిగుతుగా కూర్చునేది వెలుపలి వలయం. కనుక బిగించేటప్పుడు బలం దానిమీదనే పడాలి. లోపలి వలయాన్ని కొడితే ఆ దెబ్బ గుండ్ల ద్వారా ప్రసరించి, నునుపైన దారిలో గుంటలు పడతాయి. కొత్త బేరింగు తొలిరోజునే రోగగ్రస్తమవుతుంది. రెండవ బేరింగును కూర్చడానికి ముందు స్పేసరును మరువరాదు. అది లేకుండా నట్టు బిగిస్తే లోపలి వలయాలు ఒకదానివైపు ఒకటి నొక్కుకొని బేరింగులు త్వరగా పాడవుతాయి. గ్రీజును కూడా మితంగానే పెట్టాలి. అతిగా కుక్కితే వేడి పెరుగుతుంది. నట్టును తయారీదారు నిర్ణయించిన మేరకు బిగించి, సీలును, చీలను కొత్తవే వేయాలి. ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందే అంబాసిడర్‌వంటి కార్లలో అమరిక వేరు. వాటి పద్ధతిని వేరుగా తెలుసుకోవాలి.

ఈ పనిలో కండబలం కంటె వివేకమే ప్రధానమని దీనివలన స్పష్టమవుతున్నది. మొరాయించే వస్తువు ఎక్కడ పట్టుకొని ఉన్నదో గ్రహించనిదే ఎంత బలం చూపినా అది వ్యర్థం. గ్రహించిన తరువాత కొద్ది బలమే చాలును. బిగించవలసిన వలయమేదో, తాకరాని వలయమేదో ఎరిగిన మెకానిక్కు విద్యావంతుడే. నూనె మరకలంటిన అతని చేతులను నమ్మి ఎన్నో కుటుంబాలు నిశ్చింతగా ప్రయాణం చేస్తున్నాయి.